నాగపూర్ వెటర్నరీ సీటు: గది ముందా, ల్యాప్‌టాప్ ముందా?

ప్రాణహిత ఒడ్డు (అడిగినవారు)

అందరికీ నమస్కారం. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఎరువులు, పురుగుమందులు, పొలం సామాన్ల దుకాణం నడుపుతాను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, దుకాణంలో ఆ రెండూ కాక కాస్త గోండీ కూడా నడిచే ఇల్లు మాది. మా పెద్దమ్మాయి నీట్ రాసి నాగపూర్ వెటర్నరీ కాలేజీలో సీటు తెచ్చుకుంది. మా బంధువుల్లో ఇంతవరకు పశువుల డాక్టరు అన్న మనిషే లేడు. ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

మిర్చి రైతుల బాకీలు వసూలయ్యాక 80,000 రూపాయలు పక్కన పెట్టాను. కాలేజీ ఫీజు ఇందులో లేదు, అది వేరే లెక్క. ఈ డబ్బులోనే గది అడ్వాన్సు, ల్యాప్‌టాప్, బట్టలు, పరుపు, పుస్తకాలు అన్నీ సర్దాలి. మంచిర్యాలలో ల్యాప్‌టాప్ దుకాణాయన 70,000 పెట్టి ఒకేసారి మంచిది తీసుకోమన్నాడు, చదువు అయ్యేదాకా చూసుకోనక్కరలేదట. అతని మాట వింటే గదికి మిగిలేది 10,000. వాళ్ళమ్మేమో వంటగది ఉన్న గదే కావాలి, మొదటి నెల తానూ వెళ్ళి ఉంటానంటుంది. హాస్టల్ జాబితా ఇంకా రాలేదు. ఈలోగా ఒక మధ్యవర్తి సెమినరీ హిల్స్ దగ్గర గది ఫొటోలు పంపించి, 11 నెలల ఒప్పందం, మూడు నెలల అద్దె ముందుగా పంపితేనే ఆపుతానంటున్నాడు. రోజుకు రెండుసార్లు ఫోను చేస్తున్నాడు.

ఇంకో చిక్కు సామాను. మాకు రైలు లేదు. ఆలాపల్లి, చంద్రపూర్ మీదుగా బస్సులో పోతే ఒళ్ళు హూనం. ప్రాణహిత మీద వంతెన పడ్డాక చెన్నూరు దారిలో మంచిర్యాల వెళ్ళి రైలెక్కుతున్నాము. మహారాష్ట్రలో ఉన్న ఊరి నుంచి మహారాష్ట్రలో ఉన్న నగరానికి తెలంగాణ మీదుగా పోవడం మాకు అలవాటే. కాని పరుపు, బిందె, స్టవ్వు మోసుకుంటూ అంటే కష్టం. ఏది ఇక్కడే కొనాలి, ఏది అక్కడ కొనాలి? అనుభవమున్నవారు చెప్పండి.

రాజురా డాక్టరమ్మ

బాబాయి గారూ, ముందుగా ఆ మధ్యవర్తికి ఈ రోజు ఒక్క రూపాయి కూడా పంపకండి. మిగతా సంగతులు తర్వాత.

నాది రాజురా, మీ పక్క జిల్లా. నేనూ ఆ కాలేజీలోనే చదివాను. ఇప్పుడు పశుధన వికాస అధికారిగా పని చేస్తున్నాను. గది గురించి బయటివాళ్ళకు తెలియని విషయం ఒకటి ఉంది. వెటర్నరీలో చేరిన పిల్లల్లో కొందరు మెడికల్ కౌన్సెలింగ్ చివరి రౌండ్లకోసం కాచుకుని ఉంటారు. ఎంబీబీఎస్‌లోనో డెంటల్‌లోనో సీటు తగిలిన రోజున పెట్టె సర్దుకుని వెళ్ళిపోతారు. అప్పుడు హాస్టల్లో మంచాలు ఖాళీ అవుతాయి. మొదటి జాబితాలో పేరు లేకపోయినా ఆ తర్వాత దొరికిన పిల్లలను నేను చూశాను. మీరు ఈలోగా 11 నెలల కాగితం మీద సంతకం పెట్టేస్తే హాస్టల్ వచ్చినా అడ్వాన్సు వదులుకోవాలి, లేదా రెండు చోట్లా కట్టాలి. నెలనెలా కట్టే పేయింగ్ గెస్ట్ చోటు చూడండి. కాలేజీ చుట్టుపక్కల హజారీ పహాడ్, గిట్టీఖదాన్ వైపు విచారించవచ్చు. అమ్మాయిని తీసుకుని ఒక రోజు ముందు వెళ్ళి, కళ్ళతో చూసి, రాత్రి ఎనిమిదింటికి ఆ వీధిలో నడిచి మరీ ఖాయం చేసుకోండి. ఫొటోలో గది ఎప్పుడూ పెద్దదిగానే ఉంటుంది.

పిన్ని గారితో వంటగది గురించి కాస్త మెత్తగా చెప్పండి. ఉదయం పశువుల ఫారంలో పని, ఆపైన తరగతులు, మధ్యాహ్నం ప్రాక్టికల్స్. వండుకునే ఓపిక ఎవరికీ ఉండదు. మా గదిలో స్టవ్వు మూడు నెలలు వెలిగింది, తర్వాత దాని మీద పుస్తకాలు పెట్టుకున్నాము. నాగపూర్‌లో నెలవారీ డబ్బా తెప్పించుకోవచ్చు. పోళీ (చపాతీ), భాజీ (కూర), వరణ్ (పప్పు), కాస్త అన్నం వస్తుంది. అన్నం మనవాళ్ళకు చాలదు, ఇంకొంచెం వేయమని మొదటి రోజే చెప్పుకోవాలి. ఆవకాయ సీసా ఒకటి, కారప్పొడి డబ్బా ఒకటి పంపండి, మిగతాది ఆకలే చూసుకుంటుంది.

ఇక అసలు ఖర్చు ఎక్కడ పెట్టాలంటే, మీ జాబితాలో లేనిదాని మీద. రేబిస్ టీకా. కుక్క కరిచాక వేసే సూది సంగతి అందరికీ తెలుసు. ముందుగా వేయించుకునే కోర్సు వేరే ఉంది: మొదటి రోజు, 7వ రోజు, ఆ తర్వాత 21వ రోజు గాని 28వ రోజు గాని, మొత్తం మూడు డోసులు. ఈ వారం మొదలుపెడితే తరగతులు ఊపందుకునేలోపే పూర్తవుతుంది. టెటనస్ సూది కూడా చూసుకోండి.

ఎందుకింత పట్టుపడుతున్నానో చెబుతాను. నేను నాలుగో ఏడాదిలో ఉండగా ఒక రైతు ఆవును తెచ్చాడు. నోటి నుంచి చొంగ కారుతోంది, మింగలేకపోతోంది, గొంతులో ఏదో అడ్డుపడిందని ఆయన మాట. మా జట్టులో ఒకబ్బాయి చేయి లోపలికి పెట్టి వెతికాడు. ఏమీ తగల్లేదు. మూడో రోజుకు ఆవు చనిపోయింది, రేబిస్ అని తేలింది. పిచ్చి కుక్కలా మీద పడకుండా, గొంతు పట్టేసినట్టు కనిపించే రేబిస్ పశువుల్లో ఉంటుందని మేము పుస్తకంలో చదివే ఉన్నాము. ఎదురుగా ఆవు నిలబడితే పుస్తకం గుర్తుకు రాలేదు. ముందే కోర్సు చేసుకున్నవాళ్ళు మొదటి రోజు, మూడో రోజు రెండు డోసులతో బయటపడ్డారు. చేతి మీద గీరుకున్న గాయాలున్న ఆ అబ్బాయి కోర్సు చేసుకోలేదు. అతనికి సూదులన్నీ పడ్డాయి, పైగా ఇమ్యునోగ్లోబులిన్ అనే, వెంటనే రక్షణ ఇచ్చే వేరే మందు. ఆ నెలంతా వాళ్ళమ్మ రాత్రుళ్ళు నిద్రపోలేదు.

తర్వాత కాళ్ళు. గమ్ బూట్లు మోకాలి కిందిదాకా ఉన్నవి రెండు జతలు, ఒకటి తడిస్తే ఇంకొకటి. మీ దుకాణంలోనే ఉంటాయి కదా! మేజోడు వేసుకుని సరిపోయే సైజు చూడండి. పొడుగు చేతుల తెల్ల ఏప్రన్లు రెండు, నూలువి. పాలిస్టర్ వద్దు, శవాలు కుళ్ళకుండా వాడే ఫార్మలిన్ వాసన పట్టుకుంటే వదలదు. అనాటమీ హాలులో, అంటే పశువుల శరీరాలు కోసి చూసే చోట, వేసిన ఏప్రన్‌ను మిగతా బట్టలతో కలిపి ఉతకకూడదు. గాజులు, ఉంగరాలు, వేలాడే దుపట్టా కాలేజీ గేటు దగ్గరే ఆగిపోతాయి. డిసెక్షన్ పెట్టె అక్కడే కొనండి, ఏది కావాలో మాస్టార్లు చెబుతారు. స్టెతస్కోపు ఇప్పుడు వద్దు. మెడలో వేసుకుని ఫొటో దిగాలని ప్రతి మొదటి ఏడాది పిల్లకూ ఉంటుంది, నాకూ ఉండేది. దానితో నిజమైన పని ఆస్పత్రి పోస్టింగులు మొదలయ్యాకే.

ల్యాప్‌టాప్ చివర. మొదటి ఏడాది అంతా అనాటమీ, ఫిజియాలజీ, పశుపోషణ నిర్వహణ. ఎముక చేతిలో పట్టుకుని తిప్పి చూస్తే వచ్చే చదువు అది. నేను రెండో ఏడాదిలో కొన్నది రెండున్నర కిలోల బండ. ఆటలాడే కుర్రాళ్ళు కొనే రకం. దుకాణంవాడు ఊదరగొడితే పడిపోయాను. మూత మడత రెండేళ్ళకే విరిగింది, బాగు చేసిచ్చినవాడు వారానికే మళ్ళీ రమ్మన్నాడు. మొదటి టర్ము ఫోనుతో గడిపి, సీనియర్లు ఏది వాడుతున్నారో చూసి, నాగపూర్ సీతాబర్డీలో కొనుక్కోమనండి. చెడితే అక్కడే ఇవ్వవచ్చు, మంచిర్యాలకు మోసుకురానక్కరలేదు.

కాగితాల గురించి ఒక్క మాట. కాస్ట్ వాలిడిటీ (కులం నిర్ధారణ), నాన్ క్రీమీలేయర్ (ఆదాయ పరిమితి), డొమిసైల్ (స్థానికత) పత్రాలు ఉన్నాయా? మన తెలుగు ఇంటిపేరును మరాఠీ బడి రిజిస్టరులో ఒకలా, ఆధార్‌లో ఇంకొకలా రాసి ఉంటారు. నా ఇంటిపేరు మూడు కాగితాల్లో మూడు రకాలు. అది సరిచేయించడానికి మా నాన్న పదిసార్లు తిరిగారు. ఇప్పుడే సరిచూసుకోండి. మహారాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైటు మహాడీబీటీలో స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా అమ్మాయి పేరు మీదే ఉండాలి.

దేగ్లూర్ నుంచి ఉద్గీర్

పెద్దనాన్న గారూ, నమస్కారం. మాది నాందేడ్ జిల్లా దేగ్లూర్. ఉద్గీర్ వెటర్నరీ కాలేజీలో మూడో ఏడాది. మాదీ నాగపూర్ కాలేజీదీ ఒకటే విశ్వవిద్యాలయం. అక్క చెప్పినదంతా నిజమే, ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను.

అక్క చదివిన రోజులు వేరు. ఇప్పుడు నోట్సు సగం ఫైళ్ళుగా గ్రూపులోకి వస్తుంది. హిస్టాలజీ (కణజాలాల చదువు) స్లైడు చిత్రాలు చిన్న ఫోను తెర మీద చూస్తే గ్రంథికీ కొవ్వుకీ తేడా తెలియదు. నేను మొదటి టర్ము ఫోనుతోనే లాగాను, కళ్ళు మండి, ప్రతి సెమినార్‌కూ నాతో గదిలో ఉండేవాడి ల్యాప్‌టాప్ అడుక్కున్నాను. అడిగిన ప్రతిసారీ వాడు ఇచ్చాడు. కాని అడగడం ఎంత ఇబ్బందో అడిగినవాడికే తెలుసు.

అలాగని 70,000 దండగ. మన చదువులో ల్యాప్‌టాప్‌కు బరువైన పని లేదు: ఫైళ్ళు చదవడం, సెమినార్ స్లైడ్లు, వీడియోలు, స్టాటిస్టిక్స్ లెక్కలకు స్ప్రెడ్‌షీట్. 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 14 అంగుళాల తెర, ఒకటిన్నర కిలో చుట్టుపక్కల బరువు. 40,000 లోపల దొరికితే చాలు. గ్రాఫిక్ కార్డు పేరెత్తితే లేచి వచ్చేయండి. మిగిలిన డబ్బుతో వారంటీ పొడిగించుకోండి, కింద పడితే, నీళ్ళు పడితే కూడా వర్తించేది. హాస్టల్లో ల్యాప్‌టాప్ చావు టీ వల్లే. విండోస్ అసలుదేనా అని బిల్లు మీద రాయించండి.

ఇంకొకటి. ఏ ఫైలూ ఒకే చోట ఉంచవద్దు. పోయిన ఏడాది దేవణి ఆవుల మీద నేను చేసిన సెమినార్ మొత్తం, పక్క తాలూకా దేవణికి వెళ్ళి తీసుకున్న ఫొటోలతో సహా, పెన్‌డ్రైవ్ చెడి పోయింది. ఆ ఊరి పేరే ఆ జాతికి వచ్చింది, అందుకని సరదాపడి చేసుకున్న పని. మళ్ళీ వెళ్ళేసరికి ఆ రైతు నవ్వి, ఈసారి ఆవుకు కూడా ఫొటో కూలీ ఇవ్వాలన్నాడు.

అనాటమీ హాలులోకి మాత్రం ల్యాప్‌టాప్, ఫోను రెండూ వద్దు. ఫార్మలిన్ చేతులతో ముట్టుకున్న తెర తర్వాత మొహానికి పెట్టుకుంటాము.

పర్లాకిమిడి అమ్మ

అన్నయ్య గారూ, మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అబ్బాయి భువనేశ్వర్‌లో వెటర్నరీ చదివాడు, ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాడు. ల్యాప్‌టాప్‌ల సంగతి నాకు తెలియదు. అద్దె ఇంటి సంగతి తెలుసు.

మా వాడు రెండేళ్ళు బయట గదిలో ఉన్నాడు. ఖాళీ చేసేటప్పుడు గోడ మరకలకు, కుళాయికి, ఫ్యానుకు అని చెప్పి ఇంటివాళ్ళు అడ్వాన్సులో సగానికి పైగా కోసుకున్నారు. ఆ కుళాయి మేము చేరిన రోజునుంచీ కారుతూనే ఉంది. కాని ఏమిటి రుజువు? అందుకని చేరే రోజే గోడలు, స్నానాల గది, తలుపు గడియలు, కరెంటు మీటరు రీడింగు అన్నీ ఫొటోలు తీసి, ఆ రోజే ఇంటాయనకు వాట్సాప్‌లో పంపండి. మర్యాదగా, "జ్ఞాపకం కోసం" అని రాయండి. కరెంటు యూనిట్‌కు ఎంత, నీళ్ళు ఎండాకాలంలో ఎన్ని రోజులకు వస్తాయి, ఇవి ఇంటాయనను కాదు, ఇప్పుడు అక్కడ ఉంటున్న పిల్లలను అడగాలి.

మేము మొదటిసారి పరుపు, బకెట్లు, ఇనుప పెట్టె అన్నీ రైలులో మోసుకుపోయాము. ఇనుప పెట్టె ఒక్కటే పనికొచ్చింది, దానికి మంచి తాళం. మిగతావి అక్కడ వీధి చివర దుకాణంలో దొరికేవే.

పశువుల వాసన ఇంటివాళ్ళకు నచ్చదు. బూట్లు గది బయట పెట్టుకోనిస్తారా అని ముందే అడగండి. నవ్వుకోకండి, మా వాడిని ఒక ఇంట్లోంచి పంపించింది ఆ బూట్లే.

ప్రాణహిత ఒడ్డు

అందరికీ చేతులెత్తి నమస్కారం. డాక్టరమ్మా, మీ రేబిస్ కథ నేను ఇంట్లో చదివి వినిపించాను. మా ఆవిడ వంటగది మాట మానేసి సూది మాట మొదలుపెట్టింది. ఇంటిపేరు విషయం మీరు చెప్పాక తీసి చూశాను. బడి దాఖలాలో చివర ఒక అక్షరం ఎక్కువ ఉంది. ఇన్నేళ్ళుగా ఎవరూ చూడలేదు.

ల్యాప్‌టాప్ మీద మీ ఇద్దరికీ కుదరలేదు కాబట్టి నేను మధ్యలో తేల్చుకున్నాను: 40,000 పక్కన ఉంచుతాను, కొనేది నాగపూర్‌లో, ఎప్పుడన్నది అమ్మాయి ఇష్టం. తాను మాత్రం దేగ్లూర్ అబ్బాయి పక్షం.

ఇంకో రెండు సందేహాలు. అమ్మాయి పదో తరగతిదాకా మరాఠీ మాధ్యమం. అక్కడ అంతా ఇంగ్లీషు పుస్తకాలే కదా, ఇప్పటినుంచి ఏమైనా చదవాలా? నాగపూర్ ఎండకు కూలర్ ఇక్కడినుంచి పంపనా?

రాజురా డాక్టరమ్మ

దేగ్లూర్ తమ్ముడూ, సరే, నీ మాటే నెగ్గింది. కాని నా బండ ల్యాప్‌టాప్‌ను ఎవరూ టీతో చంపలేకపోయారు, అది కూడా రాసి పెట్టుకో.

బాబాయి గారూ, ఇంగ్లీషు గురించి భయం వద్దు. మొదటి మూడు నెలలు అందరికీ ఎముకల పేర్లు లాటిన్‌లాగే ఉంటాయి, ఎందుకంటే చాలావరకు లాటినే. ఇప్పుడు ఆ పుస్తకాలు కొని ముందుగా చదవాల్సిన పని లేదు. గ్రంథాలయంలో ఉంటాయి, సీనియర్లు సగం ధరకు ఇస్తారు.

ఒకటి మాత్రం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, పైసా ఖర్చు లేదు. ఒక నోటు పుస్తకంలో మూడు గళ్ళు గీయమనండి: తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు. మన గాలికుంటు మరాఠీలో లాళ్యా ఖురకూత్. గొంతువాపు ఘటసర్ప్. జబ్బవాపు ఫర్యా. ఈసుకుపోయే రోగం, అంటే చూడి పశువు నెలలు నిండకముందే దూడను వేసేసే జబ్బు, ఇంగ్లీషులో బ్రూసెల్లోసిస్, అది మనుషులకూ అంటుతుంది, అందుకే ఈనాక పడే మాయను ఉత్త చేతులతో ఎప్పుడూ లాగకూడదు. మీ దుకాణానికి రోజూ రైతులు వస్తారు. పశువుకు ఏమైంది, ఎన్ని రోజులైంది, ఏమి మేసింది అని అమ్మాయిని అడగనివ్వండి, వాళ్ళు ఏ మాట వాడితే ఆ మాటే రాసుకోనివ్వండి. గోండీ మాట వస్తే నాలుగో గడి గీయమనండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలాయన తన ఎద్దుకు ఏదో అయిందని గోండీలో పావుగంట చెప్పాడు. నాకు తెలిసిందల్లా ఎద్దు అన్న సంగతి ఒక్కటే, అదీ ఎద్దు ఎదురుగా ఉండబట్టి.

కూలర్ పంపకండి. కౌన్సెలింగ్ రౌండ్లు సాగి తరగతులు మొదలయ్యేసరికి చలి పడుతుంది, నాగపూర్ డిసెంబరు మీరు అనుకున్నట్టు ఉండదు. మంచి రజాయి పంపండి. కూలర్ మార్చిలో, అక్కడే, ఇద్దరు పిల్లలు కలిసి కొనుక్కుంటే సగం ఖర్చు. వెళ్ళిపోయే సీనియర్లు పాతవి అమ్ముతారు కూడా. ర్యాగింగ్ చేయనని అమ్మాయి, మీరు విడివిడిగా ప్రమాణపత్రాలు ఇవ్వాలి, మరిచిపోకండి. ఎవరైనా ఇబ్బంది పెడితే జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522, ఆ నంబరు అమ్మాయి ఫోనులో ఉండాలి.

ప్రాణహిత ఒడ్డు

తల్లీ, మొదటి సూది ఈ రోజు వేయించాము. ఏడో రోజు తేదీ దుకాణం క్యాలెండరు మీద ఎర్ర సిరాతో చుట్టాను. దాఖలాలో అక్షరం సరిచేయించడానికి అర్జీ ఇచ్చాము. మధ్యవర్తికి హాస్టల్ జాబితా వచ్చాక మాట్లాడతానని చెప్పాను. వెంటనే మూడు నెలల అడ్వాన్సు ఒక నెలకు దిగింది. అయినా పంపలేదు.

నోటు పుస్తకం కూడా మొదలైంది. నిన్న సాయంత్రం మిర్చి మందు కొనడానికి వచ్చిన రైతును పట్టుకుని అతని గేదె పాలు ఎందుకు తగ్గాయో అరగంట అడిగింది. అతను మందు మరిచిపోయి వెళ్ళాడు, నేనే మనిషితో పంపాను.

బూట్ల దగ్గరే చిక్కు వచ్చింది. ఇరవై ఏళ్ళుగా గమ్ బూట్లు అమ్ముతున్నాను, మా దుకాణంలో ఏడో నంబరు కంటే చిన్నది ఎప్పుడూ పెట్టలేదు. అమ్మాయికి ఐదు కావాలి. చంద్రపూర్‌కు ఆర్డరు పెట్టాను, రెండు జతలు.